ఘట్టము మీది సీమ: హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల భూస్వరూప వర్ణనములపై ఒక విమర్శ

ఒక జిల్లా భూస్వరూపమును వర్ణించు గ్రంథమును చేతబట్టిన విమర్శకుడు మొట్టమొదట వేయవలసిన ప్రశ్న యొకటి కలదు. ఈ వర్ణన యెచ్చట నిలిచి చూచి వ్రాయబడినది? కొండ క్రింద నిలిచినవానికి కొండ అడ్డుగోడగా కనిపించును. కొండపై నిలిచినవానికి అదియే తన నేలకు అంచుగా తోచును. రెండును నిజములే. కాని గ్రంథకర్త తాను నిలిచిన తావును మరచి, తనకు గోచరించినంతయే సర్వస్వమని వ్రాసినచో పాఠకునికి సగము నేలయే తెలియును. హోసూరు, కృష్ణగిరి ప్రాంతములను గూర్చి 1883 మొదలుకొని వెలువడిన వర్ణనములను ఈ దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము. మూకండపల్లి మొదలు వేపనపల్లి వరకు ఈ నేలపై తరతరములుగా నివసించుచున్న తెలుగువారికి ఇది పుస్తకములను గూర్చిన చర్చ మాత్రమే కాదు. తాము దున్ను మంటికిని, త్రాగు నీటికిని సంబంధించిన విషయము.

1. మూడు మెట్ల విభాగము

పూర్వపు సేలము జిల్లాను గూర్చి ఆంగ్లమున రెండు ప్రధాన గ్రంథములు కలవు. లెఫాను సంకలనము చేసిన సేలము జిల్లా మాన్యుయల్ 1883లో వెలువడినది. రిచర్డ్సు రచించిన జిల్లా గెజిటీరు 1918లో వచ్చినది. ఇప్పటి కృష్ణగిరి జిల్లా ఆనాడు సేలము జిల్లాలోని భాగమే. 1965 అక్టోబరు 2వ తేదీన ధర్మపురి జిల్లా సేలము నుండి వేరయినది. 2004 ఫిబ్రవరి 9వ తేదీన కృష్ణగిరి జిల్లా ధర్మపురి నుండి వేరయినది. తరువాత వచ్చిన వర్ణనములు పెక్కింటికి ఆ రెండు గ్రంథములే మూలాధారములు. కనుక వాని గుణదోషములు నేటి వ్రాతలలోనికిని దిగివచ్చినవి.

ఆ గ్రంథములు జిల్లాను మూడు భాగములుగా వర్ణించినవి. హోసూరు తాలూకా బాలాఘాటు. కృష్ణగిరి, ధర్మపురి, ఊత్తంగరై ప్రాంతములు బారామహలు. దానికి దక్షిణముగా సేలము, నామక్కల్ మొదలగునవి తలాఘాటు. ఈ విభాగములోని గుణమును ముందుగా చెప్పుట న్యాయము. ఇది కాగితముపై గీతలు గీచి చేసినది కాదు. నేల యెత్తుపల్లములను బట్టి యేర్పడినది. హోసూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. తళి ప్రాంతము ఇంకను ఎత్తైనది, సుమారు 1,000 మీటర్లు. హోసూరు నుండి కృష్ణగిరికి పోవు బాట పొడవు 50 కిలోమీటర్లకు అటునిటు మాత్రమే. కాని ఆ బాట ముగియునప్పటికి ప్రయాణికుడు సుమారు 400 మీటర్లు దిగి, 500 మీటర్లకు కొంచెము తక్కువ యెత్తునగల నేలకు చేరును. శూలగిరి దాటిన తరువాత గాలి వేడెక్కుట, పైరులు మారుట బండిలో కూర్చున్న పిల్లవానికి కూడ తెలియును. ఇట్టి ప్రత్యక్షసత్యమును మూడు పేర్లలో నిమిడ్చిన విభాగమును తేలికగా త్రోసివేయరాదు.

దోషము ఆ పేర్లలోనే దాగియున్నది. బాలా యనగా పారసీకమున పైది. బాలాఘాటు అనగా కనుమకు పైనున్నది. తలాఘాటు అనగా కనుమకు క్రిందిది. తెలుగువానికి తల యనగా శిరస్సు. ఇచ్చట మాత్రము అది అడుగు! బారామహలు అనునది పండ్రెండు దుర్గముల పేర నేర్పడినదని చెప్పుదురు. ఇందు రెండు పేర్లు కనుమను బట్టియు, మూడవది కోటలను బట్టియు ఏర్పడినవే. కనుమ నెక్కి కోటలను పట్టదలచిన సేనాధిపతికి ఈ పేర్లు చాలును. కాని పైనున్న సీమ తనంతట తాను ఎట్టిదో, దేనితో కలిసియున్నదో ఇవి చెప్పవు. "కనుమకు పైనున్నది" అనుట ఇంటిని "మెట్లకు అవతలిది" అనుట వంటిది.

2. శిస్తు కన్ను

ఈ చూపునకు చరిత్రలో కారణము కలదు. 1792లో శ్రీరంగపట్టణపు సంధి వలన బారామహలును సేలమును టిప్పుసుల్తాను చేతినుండి ఆంగ్ల కంపెనీ వశమైనవి. హోసూరు ప్రాంతము 1799లో టిప్పు మరణానంతరము వారి పాలనలోనికి వచ్చినది. బారామహలును మొదట పాలించిన అలెగ్జాండరు రీడు, ఆయనకు సహాయుడైన థామసు మన్రో సైనికోద్యోగులు. తరువాతి రైతువారీ పద్ధతికి ఇచ్చటనే బీజము పడినది. అనంతపురము, కడప, బళ్లారి సీమలలో మన్రోను నేటికిని తలచుకొను తెలుగువారు, ఆయన భూమిశిస్తు విద్య నేర్చుకొన్నది బారామహలు సీమలోనని జ్ఞాపకముంచుకొనదగును.

శిస్తు విధించువానికి నేల మూడు రకములు: మాగాణి, మెట్ట, తోట. అది యేమి పండించును, ఎంత చెల్లించును అనునవి అతని ప్రశ్నలు. అది యెట్లు ఏర్పడినది, దాని క్రింద నేమున్నది అనునవి అతని ప్రశ్నలు కావు. మాన్యుయల్, గెజిటీరు అనునవి ప్రధానముగా కలెక్టర్ల ఉపయోగార్థము వ్రాయబడిన గ్రంథములు. జిల్లావర్ణన జిల్లాహద్దు వద్ద ఆరంభమై జిల్లాహద్దు వద్ద ముగియుట వానికి విధింపబడిన నియమము. ఈ నియమమునకు లోబడినందులకు గ్రంథకర్తలను నిందింపరాదు. ఆ నియమమునే ప్రకృతి నియమముగా నెంచి, నేటికిని దాని వెంట నడచుచున్న మన వ్రాతలను మాత్రము విమర్శింపవలసియున్నది.

3. రాతి సాక్ష్యము

నేలను గూర్చి నేలనే అడిగినచో అది చెప్పు సాక్ష్యము వేరు. హోసూరు పీఠభూమి మైసూరు పీఠభూమి కంటె భిన్నమైనది కాదు. దాని ఆగ్నేయపు అంచే. దీనికి పునాది నైసు శిల. లేతబూడిద వన్నెయు ముదురు వన్నెయు గల పట్టెలు చీరయంచువలె సాగు ఈ శిలను మూకండపల్లి చుట్టుపట్ల పునాది త్రవ్విన ప్రతివాడును చూచియే యుండును. ఇది ఒకప్పుడు భూగర్భమున తీవ్రమైన వేడికిని ఒత్తిడికిని లోనై రూపము మారిన రాయి. ఇదే పీఠభూమిపై మైసూరు రాజ్యమున శిలలను పరిశోధించిన స్మీతు 1916లో దీనిని ద్వీపకల్పపు నైసు అని వ్యవహరించెను. హోసూరు, కృష్ణగిరి భాగములలోని ఈ శిలలకు నేటి శాస్త్రజ్ఞులు కట్టిన వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. రాతిలోని రేడియోధార్మిక ద్రవ్యములను బట్టి వయస్సు లెక్కించు పద్ధతి లెఫాను కాలమున లేదు. రిచర్డ్సు కాలమున అది శైశవదశలో నుండెను. కనుక ఈ విషయమున వారిని తప్పుపట్టుట న్యాయము కాదు.

కృష్ణగిరికి దక్షిణముగా ధర్మపురివైపు పోయిన కొలది ఈ నైసు క్రమముగా మారి, జిడ్డుమెరుపు గల ముదురు వన్నె శిల కనబడును. దానికి చార్నొకైటు అని పేరు. కలకత్తాలోని జాబ్ చార్నాకు సమాధిఫలకము అట్టి రాతితో చేయబడినందున హాలండు అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1893లో దాని కా పేరు పెట్టెను. ఇది నైసు కంటెను లోతున, అధికమైన వేడిలో, నీటితేమ మిక్కిలి తక్కువగా నున్నచోట తయారగును. ఈ ద్వీపకల్పపు పునాది దక్షిణపు కొస పైకి లేచి, పై పొరలు కోసుకొనిపోయినందున, ఉత్తరమున లోతునున్న పొరలు దక్షిణమున బయటపడినవి. భూమి అడుగు పొరలలో నైసు చార్నొకైటుగా మారు తీరును కంటితో చూడగోరు శాస్త్రజ్ఞులకు కృష్ణగిరి పరిసరములు ప్రసిద్ధమైన పరిశోధనాస్థలము.

హోసూరు నుండి ధర్మపురికి పోవు ప్రయాణికుడు ఇట్లు రెండు విధములుగా దిగుచున్నాడు. కాలిక్రింద నేల యెత్తు తగ్గుచున్నది. అది యొక దిగుడు. కాలిక్రింది రాయి నానాటికి ఎక్కువ లోతున పుట్టినదగుచున్నది. అది రెండవ దిగుడు. మొదటిదానికి కారణము నదులును వానలును చేసిన కోత. రెండవదానికి కారణము అతిప్రాచీనకాలమున పునాది ఒరగుట. బాలాఘాటు, బారామహలు అను పేర్లు మొదటి దిగుడును మాత్రమే లెక్కించినవి. రెండవది కనుమ వద్ద ఆరంభము కాదు, తాలూకా హద్దు వద్ద ముగియదు. రాతి దృష్టిలో కనుమ గోడ కాదు. ఒకే పునాదిపై నీరు చెక్కిన మెట్టు.

రాతి సంబంధము ఉత్తరమునకు, తూర్పునకు కూడ ఇట్లే సాగును. బంగారమునకు పేరెన్నికగన్న కోలారు షిస్టు శిలల పట్టీ ఉత్తరదక్షిణముగా సుమారు 80 కిలోమీటర్లు సాగినది. అది చిత్తూరు జిల్లాలో కుప్పము సమీపమునగల చిగురుగుంట, బిసానత్తము గనుల మీదుగా వచ్చి, కృష్ణగిరి జిల్లాలోని మహారాజగడ వైపు తన కొసను చాచినది. కోలారు గనులు 2001లో మూతపడినవి. ఒకే పట్టీ మూడు రాష్ట్రముల చేతులలో నుండుటచే మూడు జిల్లాల పుస్తకములలో మూడు ముక్కలుగా వర్ణింపబడుచున్నది.

నైసును చీల్చుకొని నిలిచిన నల్లరాతి గోడలును ఈ సీమలో కలవు. శాస్త్రజ్ఞులు వానిని డాలరైటు డైకులందురు. బెంగుళూరు పరిసరములలోని అట్టి కొన్నింటి వయస్సు సుమారు 237 కోట్ల సంవత్సరములని తేలినది. అదే కుటుంబమునకు చెందిన డైకులు తెలంగాణములోని కరీంనగరు వరకు కనిపించును. రైతునకు వీనితో ప్రత్యక్షమైన పని కలదు. భూమిలో పల్లమునకు జారు నీటిని నల్లరాతి గోడ అడ్డగించును. దానికి ఎగువన త్రవ్విన బావిలో నీరు నిలుచును. దిగువన త్రవ్వినదానిలో తరచుగా నిలువదు. ఇట్టి సంగతి జిల్లావర్ణనలో శిలల జాబితాలో నొక పంక్తిగా కనబడునే కాని బావితో ముడిపెట్టి చెప్పబడదు.

4. నీటి సాక్ష్యము

రాతి కంటెను నీటి విషయమున జిల్లాహద్దు చేసిన అన్యాయము పెద్దది. కర్ణాటకమున నందిపర్వతముల ప్రాంతమున రెండు పినాకినులు పుట్టుచున్నవి. ఉత్తర పినాకిని అనంతపురము, కడప సీమలను దాటి నెల్లూరు వద్ద సముద్రమున కలియును. అదే మన పెన్న. దక్షిణ పినాకిని బెంగుళూరునకు తూర్పుగా పారి, హోసూరు సమీపమున తమిళనాడున ప్రవేశించి, కెలవరపల్లి, కృష్ణగిరి జలాశయములను నింపి, కడలూరు వద్ద సముద్రమును చేరును. తమిళులు దానిని తెన్‌పెణ్ణై యందురు. ఒకే కొండతల్లికి పుట్టిన అక్కచెల్లెండ్లలో నొకతెను గూర్చి తెలుగు పాఠపుస్తకములలో ప్రకరణము లున్నవి. రెండవదాని గట్టుపై కూడ తెలుగు మాటలాడు గ్రామము లున్నవని సాధారణముగా ఆ పుస్తకములు చెప్పవు.

హోసూరు సీమలో జలవిభాజకము కూడ కలదు. తూర్పుభాగమున పడిన వాన దక్షిణ పినాకినిలో చేరును. తళి, దేన్కణికోట వైపు పడినది చిన్నారు మొదలగు యేళ్ల వెంట మేలగిరి అడవుల నంటి దక్షిణముగా పారి కావేరిలో కలియును. చిన్నారు కావేరిని చేరుచోటు హొగెనకల్లు. ఒకే వానలోని రెండు చినుకులు కొలదిదూరమున పడి, ఒకటి కడలూరు వద్దను, మరియొకటి కావేరీముఖమున పూంపుహారు వద్దను సముద్రమును చేరవచ్చును. ఏడాదికి వర్షము 800 మిల్లీమీటర్లకు అటునిటుగా కురియు మెట్టసీమకు ఇంతకంటె ముఖ్యమైన భౌగోళిక సత్యము లేదు.

"దక్షిణ పినాకిని హోసూరు వద్ద జిల్లాలో ప్రవేశించును" అను వాక్యము జిల్లావర్ణనము లన్నింటికి సహజమైనది. వాక్యము తప్పు కాదు. కాని నది అచ్చటనే పుట్టినట్లు ఆ ధోరణి తోపించును. ప్రవేశించు నీరు ఎచ్చటనుండి, దేనిని మోసికొని వచ్చుచున్నదో చెప్పుటకు ఆ వాక్యమునకు తావు లేదు. బెంగుళూరు నగరము కూడ జలవిభాజకముపైననే వెలసినది. దాని పడమటి నీరు అర్కావతి మూలమున కావేరికిని, తూర్పు నీరు బెల్లందూరు, వర్తూరు చెరువుల మీదుగా దక్షిణ పినాకినికిని పోవును. నగరము పెరిగినకొద్ది దాని మురుగునీరు ఆ దారినే దిగివచ్చుచున్నది. కెలవరపల్లి జలాశయమునుండి విడిచిన నీటిపై తెల్లని నురుగు మేటలు వేయుట పలుమారులు వార్తలకెక్కినది. వర్ణనలో నది హద్దు వద్ద ఆరంభమైనను, నురుగు హద్దును పాటింపలేదు. ఎగువవారి పుస్తకమున నది హద్దు వద్ద ముగియుచున్నది. దిగువవారి పుస్తకమున అచ్చటనే ఆరంభమగుచున్నది. రెండు పుస్తకముల నడుమ నది అనాథయైనది.

భూగర్భజలమును గూర్చియు ఒక మాట చెప్పవలయును. నైసు రాతికి తనంతట తాను నీటిని నిలుపుకొను గుల్లతనము లేదు. పైనున్న శిథిలమైన గరుసుపొరలోను, దాని క్రింది రాతి నెఱ్ఱెలలోను మాత్రమే నీరు నిలుచును. అందుచేత పూర్వులు పల్లములకు అడ్డముగా మట్టికట్టలు వేసి చెరువులు నిర్మించిరి. ఒక చెరువు నిండి మరవ పారిన నీరు దిగువ చెరువునకు చేరునట్లు గొలుసుగా కూర్చిరి. చెరువు పొలమును తడుపుటయే కాక గరుసుపొరను నింపి బావులను బ్రదికించుచుండెను. నేటి గొట్టపుబావి వందలాది అడుగులు దిగి నెఱ్ఱెలలోని నీటిని తోడును. ఆ నెఱ్ఱెలను నింపు చెరువు పూడిపోయినను, గొలుసులో నడిమి చెరువు ఇండ్లస్థలముగా మారినను, బావి ఎంత లోతైనను ఫలము లేదు. 1970ల దశకము నుండి పారిశ్రామికవాడగా పెరిగిన మూకండపల్లి, 2019లో నగరపాలక సంస్థయైన హోసూరు ఈ రాతిపైననే నిలిచియున్నవి. నగరము మారవచ్చును, నైసు గుణము మారదు.

5. మన వ్రాతలలోని లోపము

ఇంతవరకు పరులను విమర్శించితిమి. ఇక మనలను మనము విమర్శించుకొనవలయును. 1956 తరువాత తెలుగున వెలువడిన భూగోళ గ్రంథములు సాధారణముగా రాష్ట్రపు హద్దును తెలుగునేల హద్దుగా గ్రహించినవి. హోసూరు తెలుగువారిని గూర్చి వ్రాయునప్పుడు భాష, బడి, సంస్కృతి అను విషయములే ముందుకు వచ్చినవి. అవి ముఖ్యములే. కాని ఆ భాష ఏ నేలపై పెరిగినదో, ఆ నేలను ఎట్లు చూచినదో చెప్పని వ్రాత వేరు లేని చెట్టును వర్ణించినట్లగును.

ఇందుకు నిదర్శనము మన మాటలే. రాతినేలలయందు మసలిన తెలుగు, రాతి రూపములను ఎంత సూక్ష్మముగా విభజించినదో చూడుడు. నేలకు సమముగా పరచుకొన్నది పరుపుబండ. విడిగా నిలిచి గుండ్రబడినది గుండు. రాళ్లు పేర్చినట్లున్న చిన్నకొండ గుట్ట. నేల కొంచెము ఉబ్బినచోటు మిట్ట. శిథిలమై పలుగునకు లొంగు రాయి గరుసు. బండపై సహజముగా ఏర్పడిన నీటిగుంట దొన. ఇసుకలో చేతితో తోడిన ఊట చెలమ. వానకు మాత్రమే పారునది వంక. ఆంగ్లవర్ణనములలో ఇవన్నియు తరచుగా "మిట్టపల్లముల నేల" అను నర్థము గల ఒక్క విశేషణములో మునిగిపోవును. పరుపుబండ వానకును ఎండకును పొరలుగా విచ్చి గుండ్లుగా మిగులుననియు, అదే రాయి ఇంకను శిథిలమైనప్పుడు గరుసగుననియు, గరుసున నిలిచిన నీరే చెలమలో ఊరుననియు శాస్త్రము చెప్పు క్రమమంతయు ఈ మాటల వరుసలో ఇమిడియున్నది.

సీమకు గూడ ఇట్టి పేరు మనకు కలదు. కోలారు, హోసూరు, కుప్పము, బెంగుళూరు తూర్పు భాగములను కలిపి పెద్దలు మొరసునాడు అనిరి. బాలాఘాటు వలె అది క్రిందనుండి చూచి పెట్టిన పేరు కాదు. తెలుగు, కన్నడము కలిసి నివసించిన మెట్టసీమకు ఆ సీమలోనివారే పెట్టుకొన్న పేరు. దాని సరిహద్దులను గీతగీచి చూపుట సాధ్యము కాకపోవచ్చును. అయినను పీఠభూమి యొక్క తూర్పు అంచునకు, కోలారు శిలల పట్టీకి, పినాకిని పైభాగమునకు అది మూడు రాష్ట్రముల పటముల కంటె దగ్గరగా నున్నది. ఇందువలన రాష్ట్రముల హద్దులను మార్చవలెనని మా తాత్పర్యము కాదు. పాలనకు హద్దులు కావలయును. వర్ణనకు మాత్రము ఆ హద్దులు చాలవు.

ఇక రాతి విలువను గూర్చి. కృష్ణగిరి ప్రాంతపు చారలు దేలిన శిల "పారడైసో" అను వ్యాపారనామముతో దూరదేశముల భవనములను అలంకరించుచున్నది. మన గుట్టలకు ఇతరులు పేరు పెట్టి వెల కట్టిరి. మనము మాత్రము మన పిల్లలకు ఆ గుట్ట పేరు గాని, దాని క్రిందనుండి పారు వంక పేరు గాని చెప్పుట మానుచున్నాము. తొలచిన గుట్ట తిరిగి పెరుగదు. దాని పేరైనను నిలుపుట మన చేతిలోని పని.

కనుక కృష్ణగిరి జిల్లా తెలుగువారు తమ సీమను గూర్చి కొత్త వర్ణనమును వ్రాసుకొనవలసియున్నది. అది జిల్లాహద్దు వద్ద గాక నందికొండ వద్ద ఆరంభము కావలయును. పినాకిని వెంట దిగి, చెరువుల గొలుసులను ఒక్కొక్కటిగా పేర్కొని, శూలగిరి కనుమ దాటి, కృష్ణగిరి జలాశయము వరకు రావలయును. లెఫాను, రిచర్డ్సుల శ్రద్ధను అందుండి గ్రహింపవచ్చును. వారు నిలిచిన తావును మాత్రము గ్రహింపరాదు. ఊరి పెద్దలనుండి గుట్టల పేర్లు, కుంటల పేర్లు, మరవ పారు దారులు సేకరించుట విద్యార్థులు కూడ చేయదగిన పని. అట్టి గ్రంథము సిద్ధమైన నాడు మూకండపల్లిలోని బాలుడు తన యింటి పునాదిరాయి కరీంనగరు నల్లరాతికిని, కోలారు బంగారమునకును బంధువనియు, తన యూరిప్రక్కన పారు యేరు నెల్లూరి పెన్నకు తోబుట్టువనియు తెలిసికొనును. తోబుట్టువు నీట నురుగు చూచినప్పుడు, అది ఎవరి జిల్లా నీరు అని అడుగక, ఇది మన నీరు అనును.